మూడో లెక్క

లెన్సు పలాస నుంచి వచ్చింది,
గుణుపురం పాసింజర్లో, నా ఒళ్ళో,
తువ్వాల్లో చుట్టిన రోకలి ముక్కలా.
రోజుకి ఏడొందలు.
"గీత పడితే నన్నేటి సెయ్యమంటావమ్మా" అన్నాడు గవరయ్య,
అడ్వాన్సు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి.

నా కొట్లో ఇంత దూరపు చూపుతో పనిలేదు.
బ్యాంకు అప్పులకీ రేషను కార్డులకీ మొహాలు తీస్తాను.
నీలం గుడ్డ, స్టూలు, స్టూలుకి నాలుగడుగుల్లో నేను.
గడ్డం కొంచెం పైకి, చెవులు కనపడాలి, నవ్వకండి:
ఇదంతా ఒరియాలోనే చెప్తాను.
చిల్లర మాత్రం తెలుగులో లెక్కపెడతాను.
ఎందుకంటే ఏం చెప్పను, వేళ్ళకి అలా అలవాటు.

టౌను హాల్లో ఆఖరి వరస దొరికింది.
ముందు కుర్చీలన్నీ ఆఫీసర్లవి, దండలవి.
నడుమ తలలు, ఫోన్లు ఎత్తిన చేతులు,
ఎవరో తాతగారి మంకీ క్యాపు.
కంటికి స్టేజీ అగ్గిపెట్టంత,
అందులో తొమ్మిది పుల్లలు,
ఒకటి నాది.

రింగు తిప్పాను.
మంకీ క్యాపు పొగై కరిగిపోయింది.
ఎర్ర సంబల్‌పురి పట్టు, వెండి మొలనూలు,
బెండుపూల కిరీటం కింద నుదుటి మీద
సాయంత్రం నేను పెట్టిన చందనం చుక్కలు,
ఎడమ పక్క ఒకటి చెరిగింది.
ఇంట్లో పండు. హాజరుపట్టీలో ఇప్సిత.
ఇంత దగ్గరగా దీన్ని చూసి ఎన్నాళ్ళయిందో,
నిద్రలో తప్ప.

మర్దళ మొదలైంది.
చౌకలో కూచుంది, మోకాళ్ళు వణకలేదు.
నా మణికట్టు వణికింది.
బరువు ఆపలేక ముందు కుర్చీ వీపుకి లెన్సు ఆనిస్తే
అందులో కూచున్నాయన భుజం సర్దుకున్నాడు,
ఏమీ అనలేదు.

అప్పుడు కనిపించాయి పెదాలు.
లిప్‌స్టిక్కు కింద, నేర్పిన నవ్వు కింద,
చప్పుడు లేకుండా లెక్క.
ఒకటికి పెదాలు సున్నా చుట్టాలి.
చుట్టలేదు, పక్కలకి విచ్చుకున్నాయి.
పోనీ, సరిగ్గా చూడలేదేమో అనుకున్నాను.
మూడు అనాలంటే మూసుకోవాలి గదా, ఎవరి పెదాలైనా?
మూసుకోలేదు.
ఎక, దుయి, తిని, చారి.

బటన్ మీద వేలు అలాగే ఉండిపోయింది.
నిలువెల్లా ఒంపు తిరిగిన త్రిభంగి
దాటిపోయింది నన్ను,
రేపు కొట్టు అద్దానికి అంటిద్దామనుకున్న ఫొటో.

ఒకట్లూ రెళ్ళూ నేర్పింది నేనే,
చింతగింజలతో, కరెంటు పోయిన రాత్రుళ్ళు.
ఎప్పుడు మార్చేసింది లోపలి గింజల్ని?
కోపమా అంటే కాదు.
ఎన్నేళ్ళుగానో ఉంటున్న ఇంట్లో
ఒక గది తాళంచెవి నా గుత్తిలో లేదని
ఇవాళ తెలిసినట్టు.

చివర్లో, వేగం పెరిగాక,
కుడికాలి గజ్జెల పట్టీ జారింది.
ముందు వరసకి తెలిసి ఉండదు.
నాకు తెలిసింది: కళ్ళు ఒక్కసారి కిందికి,
వెంటనే పైకి,
పెదాలు గట్టిగా మూసుకుని తెరుచుకున్నాయి.
ఏమందో.
మన అమ్మ అన్నా మూసుకుంటాయి, వాళ్ళ మా అన్నా మూసుకుంటాయి.
(వాళ్ళ, అన్నానా ఇప్పుడు?)
ఆ అక్షరం దగ్గర ఏడొందల లెన్సూ చేతులెత్తేసింది.
నొక్కాను.
రాత్రంతటికీ అదొక్కటే స్పష్టంగా వచ్చింది.

తెర పడగానే పరిగెత్తుకొచ్చింది,
కిరీటం చంకలో, పట్టీ చేతిలో ఈడుస్తూ,
"తియ్యి, తియ్యి, ఇప్పుడు తియ్యి!"
ఎత్తి చూశాను. ఎర్రటి మసక.
లెన్సు లోపల ఏదో గిరగిరా తిరిగి
దొరక్క ఆగిపోయింది.
"కాస్త వెనక్కి జరగవే."
జరగలేదు. ఇంకా మీదికొచ్చింది.
అరచేతి ఆల్తా నా కుచ్చిళ్ళకంటింది.

"గజ్జె ఊడింది, చూశావా?"
చూశాను.
"ఇంకెవరూ చూడలేదు కదా?"
లేదే, అన్నాను,
లెన్సు మూత కోసం కుర్చీల కింద తడుముకుంటూ.