మద్ది కాయ

సిరొంచ డిపోలో చేరిన మొదటి వారం
రెండు మానుల్నీ ఒకే గడిలో రాశాను:
మద్ది, నలభై రెండు దుంగలు.
రేంజర్ సాహెబు వేలు పెట్టి అడిగాడు,
"ఐన్ ఆహే కీ అర్జున్?"
మొదటి మాట నాకు 'అయినా' అని వినబడి
తర్వాత ఏమంటాడో అని ఎదురుచూశాను.
అతను పెన్నుకు మూత పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు సడమెక్ లచ్చు నన్ను
ప్రాణహిత గట్టుకు తీసుకుపోయాడు.
"ఇది తెల్ల మద్ది. ఏరు లేని తావుల కాపురం చెయ్యది."
బూడిదలో పాలు కలిపిన రంగు,
పాత చొక్కా పెచ్చులు పెచ్చులుగా విప్పేసి
కొత్తది తొడుక్కోవడం మరిచిన ఒళ్ళు.
వేళ్ళు సగం నీళ్ళలో.
అవతలి ఒడ్డు ఇసుక లారీల దుమ్ము
ఆకుల మీద.

అక్కణ్ణించి ఎండలో రెండు కోసులు.
నల్ల మద్ది రాళ్ళ మధ్య ఉంది.
మొసలి వీపు లాంటి బెరడు,
పోయిన నెల నిప్పు దాటిన మసి ఇంకా మొదట్లో.
లచ్చు ఒక బుడిపెకు చెవి ఆనించి
గొడ్డలి మొనతో చిన్న గాటు పెట్టాడు.
నీళ్ళు!
ఏరు కనబడని చోట, వైశాఖంలో,
చెట్టు కడుపులోంచి వగరుగా, వెచ్చగా.
నా దోసిలి సగం నిండగానే
ఆయన గాటును మట్టితో మెత్తేశాడు.
"అందరికి చూపకు."

దిగుతూ రుమాలు ముడి విప్పాడు. రెండు కాయలు.
రెంటికీ అయిదేసి రెక్కలే.
ఎండకెత్తి చూడమన్నాడు.
నల్ల మద్ది రెక్కలో ఈనెలు
అడ్డంగా, తిన్నగా అంచుదాకా పోతాయి,
మా బడి పలక మీద మరాఠీ అక్షరాలకు
పైన గీసే గీతలా.
తెల్ల మద్ది ఈనెలు మాత్రం
సగం దారిలో పైకి వంపు తిరుగుతాయి,
అమ్మ పచారీ చీటీలో
తెలుగు తలకట్లలా.

పట్టుపురుగు రెండు ఆకులూ తింటుంది.
లచ్చు భార్య జంగుబాయి
గూడును అరచేతిలో ఎగరేసి
ఏ చెట్టు మేసిందో చెబుతుందట.
ఆ మాట నేను నమ్మలేదు.
ఆవిడ నన్ను నమ్మించే ప్రయత్నమూ చేయలేదు,
మూడు గూళ్ళు చేతిలో పెట్టి
పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.
నాకు మూడూ ఒకే బరువు.

ఇప్పుడు నా రిజిస్టర్లో రెండు గడులు.
ఆ నలభై రెండు దుంగలు మాత్రం
అప్పటికే బల్లార్షా లారీ ఎక్కేశాయి,
ఎన్ని ఏటివో, ఎన్ని గుట్టవో
ఎవరూ లెక్క తేల్చలేరు.

అయినా
కాయలు రెండూ సొరుగులో ఉంచాను.