యాభై ఒకటో సెకను

శ్రీకాకుళం, డే అండ్ నైట్ కూడలి,
మందుల దుకాణం మీది గది.
అద్దె మూడువేల అయిదొందలు, కరెంటు వేరే.
ఇక్కడే కూచుని కరెంటు బొమ్మలు గీస్తున్నాను.

తొంభై సెకన్లు కావాలన్నారు కంపెనీవాళ్ళు.
బొగ్గు దిగాలి, నీళ్ళు ఆవిరవ్వాలి,
ఆవిరి చక్రాన్ని తిప్పాలి,
చక్రం మెరుపుని తీగ మీదికి తోయాలి,
చివర్న ఓ పిల్ల పుస్తకం తెరవాలి.
తొంభై సెకన్లలో.
స్తంభాలు పాతాక మా వీధిలో బల్బు వెలగడానికి
పదకొండేళ్ళు పట్టిందట.

మెరుపుకి కళ్ళు పెట్టాను, బూట్లు తొడిగాను.
"బుగ్గలు కొంచెం పెంచండి," విశాఖ నుంచి కిరీటి గారు.
పెంచాను.
"పొగ మబ్బులా ఉంటే బావుంటుందండి."
మెత్తబరిచాను.
గొట్టం అంచున కొంగనొకదాన్ని కూచోబెట్టాను.
దాని కాళ్ళు కాలవా అని ఎవరూ అడగలేదు.

గొంతు దమయంతిది, కోటబొమ్మాళి పిల్ల.
బొంతలు వేలాడదీసిన బీరువా పక్కన నిలబడి
"విద్యుత్తు అంటే ఏమిటి?" అని చదువుతుంది.
పదోసారికి "ఏటి" అని జారి
నాలుక కరుచుకుంటుంది.
మళ్ళీ మొదలు.
ఆ జారినవన్నీ చెరపకుండా వేరే ఫోల్డరులో దాచాను,
ఎందుకో నాకూ తెలీదు.

ముప్పై ఎనిమిదో సెకనులో స్తంభం వస్తుంది.
అక్కడ నా చెయ్యి ఆగుతుంది.

మా నాన్న, బమ్మిడి గురువులు,
స్తంభాలకి నంబర్లు రాసేవాడు,
ట్రాన్స్‌ఫార్మర్లకి పుర్రెలు వేసేవాడు.
ఎర్ర పుర్రె, అడ్డంగా రెండెముకలు, కింద 'అపాయము'.
బోర్డుకి పన్నెండు రూపాయలు.
రంగు డిపార్టుమెంటుది, కుంచె ఆయనది.
ఆమదాలవలస నుంచి పలాస దాకా
సైకిలు వెనక డబ్బా కట్టుకుని
రోజుకి ఎనిమిది చావులు గీసి
సందేళ కిరసనాయిలుతో చేతులు కడుక్కుని
నాకు అన్నం కలిపేవాడు.
ఇప్పటికీ పప్పన్నం ఆ వాసన లేకపోతే
ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

అచ్చు కోసుకుని రంగు కొట్టెయ్యొచ్చు కదా అంటే వినేవాడు కాదు.
ప్రతి పుర్రెకీ పళ్ళు వేరే.
నరసన్నపేట సంత దగ్గర పుర్రెకి ముందుపన్ను లేదు.
"అక్కడ సేపలమ్మే తవుడమ్మకీ నేదు.
తెలిసిన మొగమైతేనే మనిసి ఆగుతాడు."

తుఫాను పోయిన తెల్లారి
స్తంభాలన్నీ జీడితోటల్లో అడ్డంగా పడుకున్నాయి.
పందొమ్మిది రాత్రులు చీకటి.
బురదలో బోర్లాపడ్డ బోర్డుల్ని
పొడుగాటి ఎండు వెదురుతో వెల్లకిలా తిప్పి
ఏది ఎక్కడిదో చెబుతూ నడిచాడు నాన్న,
తీగకి దూరంగా, చాలా దూరంగా.
తను రాసిన మాటని
తనే నమ్మిన మనిషిని ఆ రోజు చూశాను.

నా ట్రాన్స్‌ఫార్మరుకీ పుర్రె పెట్టాను.
"తీసెయ్యండి, నెగిటివ్‌గా ఉంది. ఆకు పెట్టండి."
ఆకు పెట్టాను.
రెండు ఈనెలు, ఓ మంచుబొట్టు.
గాలికి ఊగుతుంది కూడా.

ఆఖరి రాత్రి
యాభై ఒకటో సెకనులో, ఒకే ఒక్క ఫ్రేములో,
ఆకు పక్కకి ఊగినప్పుడు
ఆవగింజంత పుర్రె.
రెప్ప వేసేలోపు పోతుంది.

పొద్దున్నే ఫోను.
"అక్కడేదో ఎర్రగా మచ్చ?"
"దుమ్మండి," అన్నాను.
"చూసుకోండి మరి," అని బిల్లు పాసు చేశారు.

నాన్నకి చూపించాను.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
ఫోను ముక్కుకి ఆనించుకుని
తొంభై సెకన్లూ నవ్వకుండా చూశాడు.
మెరుపు చేతులూపి వెళ్ళిపోయింది.
"ఎనక్కి పోనియ్."
నాలుగుసార్లు తప్పి
అయిదోసారికి బొటనవేలితో పట్టుకున్నాడు.
చాలాసేపు చూశాడు.

"పళ్ళెక్కువైపోనాయి గుంటా."