బిగబట్టిన పగ్గం

బల్లరాట్‌లో ఆ చలికాలం
పద్దెనిమిది రాత్రులు ఒకటే గుర్రప్పందెం.
ఎప్పుడూ తెల్లదే గెలుస్తుంది.
గెలిపించేది సగం నా వేళ్లే.
డెక్కల చప్పుడంతా నా ఎడమచేతి పని,
జనం గుండెదడ కుడిచేతిది.
వారానికి ముప్పై షిల్లింగులు, పైన బస్తాడు బొగ్గులు.

కథేముంది, ఇద్దరు అన్నదమ్ముల పంతం,
ఒక పిల్ల, ఒక తాకట్టు కాగితం, రెండు గుర్రాలు.
చెడ్డవాడికి మీసం. వాడి గుర్రం నలుపు.
మధ్యమధ్య తెర మీద అక్షరాలొచ్చి నిలబడతాయి:
"ఈ పందెంతో తేలిపోవాలి మన లెక్క!"
చదువురాని గనికూలీలకు పక్కవాళ్లు చదివి చెబుతారు,
హాలంతా ఆ గుసగుస
రేకు మీద వాన మొదలైనట్టు.

నాలుగో రాత్రో, అయిదో రాత్రో చూశాను
ఆఖరి మలుపులో నల్లదాని మెడ.
అలిసిన గుర్రం మెడ సాగేస్తుంది,
మా నాన్న బండ్లు తోలేవాడు, నాకు తెలుసు.
ఇది గడ్డం ఛాతీకి ఆనించి
కళ్లెం కొరుకుతూ
పోనివ్వు, పోనివ్వు అంటోంది.
మీద రౌతు మణికట్లు కొయ్యలైపోయాయి.
నాలుగంగల్లో దాటేసేదే.
ఓడమన్నారు.
గుర్రానికి ఎవరూ చెప్పలేదు.

చివరి రాత్రి ఆరు పెన్నీల బెంచీ కొసన
ఓ పొట్టి మనిషి.
తెర మీద మలుపు రాగానే
ఒళ్లోని టోపీని రెండు చేతులా పట్టుకుని
తన పొట్టలోకి లాక్కోవడం మొదలెట్టాడు.

నేను వాయించడం ఆపేశాను.

ప్రొజెక్టర్ టకటక.
ఎవరిదో దగ్గు.
"ఏమమ్మో, నిద్రపోయావా?" అని పైనుంచి ఓ కేక,
వెనకే నా కొప్పులో ఓ వేరుశనగ తొక్క.
తెల్లది గెలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ట్రెంబాత్ దొర నా జీతంలో అర క్రౌను కోశాడు.

బయట మంచు కురిసి రోడ్డు జారుతోంది.
గ్యాసు దీపం కింద అతను.
నన్ను చూసి టోపీ తీయబోయి
అది నలిగి గుడ్డపీలికైపోయిందని అప్పుడే చూసుకున్నాడు.
"దాని పేరు బిడ్డీ. ఆడగుర్రం.
సినిమాలో మగదని రాశారు."
కాసేపాగి,
"పదకొండుసార్లు తీశారా మలుపు.
పదకొండోసారి నేను పగ్గం లాగలేదు,
తనే వెనకబడింది.
ఆ తర్వాత ఎక్కడా గెలవలేదు."

టోపీ జేబులో కుక్కుకుని
రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.
"మీరు రోజూ చూసేది మొదటిసారి తీసింది."