వకాల్తా

ఆరో అంతస్తు, ఆడవాళ్ల వార్డు, పదకొండో మంచం.
ఇక్కడ మా పెద్దమ్మ పేరు పదకొండు.
"పదకొండుకి బీపీ చూశారా?"
"ఎదెల్మిరా" అంటాను కుర్చీలోంచి.
మొదటి రోజు మర్యాదగా అన్నాను.
నాలుగో రోజుకి అది దగ్గులా దానంతటదే వచ్చేస్తోంది.

పుంటా అరేనాస్‌లో గాలి మనిషిని నిలబడనివ్వదు.
వీధి మలుపుల్లో తాళ్లు కడతారు,
పట్టుకుని దాటమని.
కిటికీలోంచి ఎవరో ఒకాయన:
ఒక చేత తాడు, ఇంకో చేత రొట్టెల సంచి,
టోపీ ఎప్పుడో పోయింది.

నా ఒళ్లో మా చిన్నాడి లెక్కల పుస్తకం.
ముందునుంచి వాడి భిన్నాలు,
వెనకనుంచి పెద్దమ్మ ఒంటికి వెళ్లిన కొలతలు.
రెండుంపావు: సెలైన్ మార్చారు.
మూడు: నొప్పి. చెప్పాను.
మూడూ నలభై: నొప్పి. మళ్లీ చెప్పాను.
నాలుగూ పది: మాత్ర. తెల్లది, సగం.
పక్కన ఎందుకో గుర్రం బొమ్మ గీశాను.

పీతల ఫ్యాక్టరీలో పెంకులు ఒలిచేదాన్ని నేను.
సోడియం అంటే ఉప్పేనని నిన్న తెలిసి
కోపమొచ్చింది.
ఇరవై రెండేళ్లు ఉప్పునీళ్లలో నానిన చేతులివి,
నాకా ఉప్పు గురించి చెప్పనిది?
క్రియాటినిన్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు.
పెరక్కూడదని మాత్రం తెలుసు.

నా వేలు మిషన్లో నలిగిన ఏడాది
ఫోర్‌మన్ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చుంది పెద్దమ్మ,
మూడ్రోజులు, స్వెటర్ అల్లుకుంటూ.
కోసిన జీతం చేతిలో పెట్టించుకునే లేచింది.
ఆ స్వెటరే ఇప్పుడు నా ఒంటిమీద.
ఒక చెయ్యి పొడుగు.

పొద్దున్నే ఐదుగురు తెల్లకోట్లు.
అందరికన్నా చిన్నమ్మాయి చదువుతోంది:
"ఎనభై ఒకటి. అయోమయం. పొంతన లేని జవాబులు."
పెద్దాయన మంచం కాళ్ల దగ్గర్నుంచి అడిగాడు:
"మీదే ఊరమ్మా?"
"కూరా? చప్పగా ఉంది" అంది పెద్దమ్మ.
ఎవరో నవ్వాపుకున్నారు.
పెన్ను కదిలింది.

చదువుకున్నవాళ్లు వస్తే లేచి నిలబడటం నాకలవాటే.
నిలబడి మాట్లాడటమే కొత్త.
"అయోమయం కాదండీ. చెవి మిషన్లు.
శనివారం స్కానింగ్‌కని తీసి
రబ్బరు తొడుగులో ముడేసి ఆ సొరుగులో పడేశారు.
మూడుసార్లు చెప్పాను. టైములతో సహా రాసుంది, చూడండి."
పుస్తకం చాపాను.
తిరగేసి పట్టుకున్నాను కాబోలు,
ఆయన కాసేపు భిన్నాలు చదివాడు.

బ్యాటరీలు చచ్చిపోయాయి.
తాడు పట్టుకుని మందుల షాపుకి వెళ్లి
తాడు పట్టుకుని తిరిగొచ్చాను.
చెవుల్లో పెట్టగానే ఆవిడ విన్న మొదటి చప్పుడు గాలిది.
రెండోది నాది.
"ఎందుకే అలా అరుస్తావు? నాకేమైనా చెవుడా?"

ఆ చిన్న డాక్టరమ్మ మళ్లీ వచ్చింది, ఒక్కతే,
మంచం పక్కకి కుర్చీ లాక్కుని.
ఊరూ ఏడాదీ వారమూ అడిగింది.
అన్నీ చెప్పి, "వారం నువ్వే తప్పు వేశావు
పైన కాగితం మీద" అంది పెద్దమ్మ.
ఒక్క మాట కొట్టేశారు ఫైల్లో.
అంతే గెలిచాం.
కిడ్నీలు ఎవరి వాదనా వినవు,
సాయంత్రం రిపోర్టులో ఆ అంకె ఇంకాస్త పెరిగింది.

ఎనిమిదయింది. వాచ్‌మన్ గంట కొట్టాడు.
నేను లేవలేదు. ఆయనా నన్ను చూడలేదు,
రోజూ లాగానే.

పన్నెండో మంచం దగ్గరికి ఎవరూ రారు.
గోడవైపు తిరిగి ఏదో గొణుగుతోంది ఆవిడ.
వంగి విన్నాను: నీళ్లు.
నర్సుకి చెప్పాను.
పేరడిగాను. ఒతీలియా అట.

గుర్రం బొమ్మ కింద కాస్త ఖాళీ ఉంది.
తొమ్మిదీ ఐదు: ఒతీలియా, నీళ్లు. చెప్పాను.
తొమ్మిదింపావు: ఇంకా ఇవ్వలేదు.