ఒక్కటే రోడ్డు

మా దీవిలో ఎవరూ చిరునామా చెప్పరు.
"బస్సెక్కు, నేను కనబడ్డప్పుడు దిగు" అంటారు.

ఉన్నది ఒక్కటే రోడ్డు.
వెళ్లేటప్పుడు ఎడమచేతికి మహాసముద్రం, కుడిచేతికి మడుగు.
వచ్చేటప్పుడు చేతులు మారతాయి, అంతే.
దారి తప్పుదామన్నా రెండో దారి లేదు.
దారిన పోయే దానయ్యలూ లేరు,
పోయేవాళ్లందరి పేర్లూ తెలుసు నాకు.
సగంమంది చేపల బాకీ.

బళ్లో దేశపటం గీయమంటే
మా రకెంటై అడ్డంగా ఒక గీత గీసి
పెన్సిలు కింద పెట్టేశాడట.
పదికి పది.

మా ఆయన ఇయోతెబా ఆ గీతకి అతుకులేస్తాడు.
పగడపు గులక, సిమెంటు,
ఓడ వచ్చిన నెలలో తారు.
పూడ్చిన గుంట మూడో నెలకి మళ్లీ నోరు తెరిస్తే
వంగి, "అప్పుడే ఆకలేసిందా నీకు" అంటాడు.
నన్నెప్పుడూ అంత మెత్తగా అడగలేదు.

మొన్న పౌర్ణమి పోటుకి
బేషో కట్ట మీదుగా సంద్రం నడిచొచ్చి
మడుగులోకి దిగింది,
పక్కింటికి చేబదులుకి వెళ్లినంత తాపీగా.
పోతూ పోతూ కట్టని కొంత పట్టుకుపోయింది.

రెండు రోజులు.
ఐసు అటు, చేపలు ఇటు.
మంత్రసాని అటు, నొప్పులు ఇటు.
పెళ్లి కుదిరిన తెరెంగా రాత్రంతా
అవతలి గట్టుకి టార్చిలైటు ఆర్పి వెలిగించింది,
బ్యాటరీలు అయిపోయేదాకా.
"మా కాలంలో పడవే రోడ్డు" అంది మా అత్త.
పడవ ఉంది.
దాని ఇంజను రిపేరుకిచ్చింది బేషోలోనే.

నా దగ్గర నలభై సూరచేపలు.
చీల్చి, ఉప్పు రాసి,
వేడెక్కిన తారు మీద పరిచాను.
బస్సు రాని రోడ్డంత మంచి కళ్లం
ఎక్కడ దొరుకుతుంది?
కాకుల్లేని ఊరు, కుక్కల్ని కసురుతూ కూర్చున్నా.
రోడ్డు అంత నిశ్శబ్దంగా ఉంటే
సముద్రం రెండు వైపుల నుంచీ వినబడుతుంది.
ముప్పై ఏళ్లలో ఆ సంగతి గమనించలేదు.
నచ్చలేదు.

మూడో పూట మిట్టమధ్యాహ్నం హారను.
ముందు నమ్మలేదు. మళ్లీ హారను.
కిటికీల నిండా చేతులు,
టాపు మీద ఐసుపెట్టెలు,
మెట్టు మీద వేలాడుతూ మా ఆయన,
కనుబొమల దాకా సున్నం.
తిట్టుకుంటూ, పరిగెత్తుకుంటూ, ఒళ్లో చేపలేరుకున్నాను.
రెండు మాత్రం టైరు కింద పడ్డాయి.

బాకీ పుస్తకంలో
అవి ఎవరి పేరునా రాయలేదు.