తొమ్మిది నుంచి పద్నాలుగు

ఎనబై మూడులో గుంతకల్లు పార్సిలాఫీసు కాడ
ఎవరూ ఇడిపించుకోని సామాన్లు యేలమేస్తా ఉంటే
మౌలాలి పన్నెండు రూపాయలకు ఒక పెట్టె పాడినాడు.
లోపల కుక్కరుంటాదని ఆశ.
ఉన్నవి: గాలి పోయిన తోలు తిత్తులు రెండు,
చెదలు రుచి చూసి వదిలేసిన ఇంగ్లీషు పుస్తకం.

సైకిల్ షాపు పీరన్న పంపు కొట్టినాడు.
తిత్తి లేచింది. గుండ్రంగా కాదు,
రెండు కొసలా మొనదేలి
ఒంటి గింజ బుడ్డ మాదిరి.
"బుడ్డరా ఇది" అన్నాడు ఉరుకుందు.
నూనె మిల్లులో దినామూ బుడ్డల మూటలు మోసేవాడు,
వానికి తెలీక ఇంకెవరికి తెలుస్తాది.
రిజిస్టరులో క్లబ్బుకు ఏదో పెద్ద పేరే ఉంది,
ఆ పేరుతో మమ్మల్ని పిలిచినోడు ఒక్క పోస్టుమాను.

పుస్తకం చదివి చెప్పింది గార్డు డెస్మండు.
రిటైరయి ఆరేండ్లయినా
పచ్చ జెండా దిండు కిందే పెట్టుకునే మనిషి.
వేలు పెట్టి చదవతా చదవతా
ఎనిమిదో పేజీ కాడ ఆగినాడు.
తిప్పితే పదిహేను.
నడుమ ఆరు పేజీలు ఎవరు చించుకున్నారో,
ఏం పొట్లం కట్టుకున్నారో.

ఎనిమిది దాకా మాకు తెలిసింది ఇంతే:
బుడ్డను చంకలో పెట్టుకోని ఉరకొచ్చు,
పక్కోనికి ఇయ్యాలంటే మటుకు వెనక్కే ఇయ్యాల.
ముందర ఖాళీగా ఉన్నోణ్ణి ఇడిసిపెట్టి
వెనక రొప్పుకుంటా వచ్చేవానికి ఇచ్చేదేందని
సుంకన్న అలిగి రెండు దినాలు రాలేదు.
మూడో దినం వచ్చి
అందరికంటే వెనక నిలబడినాడు.

పదిహేనులో ఉండేది చప్పట్ల సంగతి:
ఆట అయినాక ఓడినోళ్లకు గెలిచినోళ్లు దారి ఇయ్యాలంట.
నడిమిదంతా మేమే అల్లుకున్నాము.
ఎవడన్నా పడి లేయకపోతే అందరం ఆగాల,
వాని ఊపిరి వానికి వచ్చేదాకా
బుడ్డ వాని పొట్ట మీదే ఉండాల.
ఇది మౌలాలి రూలు.
మిల్లులో మూట కింద వాళ్ల నాయన పడినప్పుడు
లోడింగు ఆపలేదంట.
ఆ మాట ఒక్కసారే చెప్పినాడు, పంపు కొడతా.

గ్రౌండంటే లోకో షెడ్డు ఎనకాల బొగ్గు బూడిద పారబోసే జాగా.
పడితే మోకాలిచిప్పలోకి నుసి దిగేది,
పుండు మానేది, నుసి మానేది కాదు.
ఇప్పటికీ మా మోకాళ్ల మీద
ఎవరూ పొడవని పచ్చబొట్లు.

లెక్కలు నేను రాసేవాణ్ణి.
సున్నం మూడు రూపాయలు, టింక్చరు రూపాయిన్నర,
గోలీ సోడాలు పదకొండు.
పన్నెండోది పగిలింది. దాని దుడ్డు ఇయ్యలేదు.

ఎనబై అయిదు మాఘమాసంలో
బెంగుళూరు వాళ్లు పాసింజరులో దిగినారు.
బూట్ల కింద మేకులు.
ఎండకు గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చినట్ల
ఎనిమిది మంది వంగి మమ్మల్ని నెట్టినారు,
ఓహో, తొమ్మిదో పేజీ ఇదా అనుకున్నాము.
పదో పేజీ కింద సుంకన్న పన్ను పోయింది.

ఉరుకుందు పడినాడు. మేము ఆగినాము.
వాళ్లు మా పక్కనుంచే ఉరికి గీత దాటినారు.
మళ్లా పడినాడు, మళ్లా ఆగినాము.
డెస్మండు వాళ్ల కెప్టెనుకు ఇంగ్లీషులో ఏదో చెప్పినాడు,
అట్లాంటి రూలు లేదన్నాడాయన, మర్యాదగానే.
నాలుగో సారి మాత్రం
వాళ్ల జట్టులో బక్కపిల్లోడొకడు ఆగినాడు.
వాళ్లోళ్లే కన్నడంలో తిడతాండారు,
వాడు బుడ్డ తెచ్చి ఉరుకుందు పొట్ట మీద పెట్టి
ఎదురుంగా గొంతుక్కూచున్నాడు.

యాబై ఎనిమిది, సున్న.

నెలకు పోస్టులో కొత్త పుస్తకం వచ్చింది,
పంపినోని పేరు లేదు.
తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా అన్నీ ఉన్నాయి.
డెస్మండు మూడు సార్లు చదివినాడు,
మా రూలు యాడా లేదు.
పదకొండో పేజీ అంచున జాగా ఉంటే
మౌలాలి చెప్తాంటే పెన్సిలుతో నేనే రాసినాను.

ఆ దినం లెక్క: పోస్టుమానుకు టీ, నలబై పైసలు.
బాకీ.