ఎడమ చెవి

పొద్దు పొడవకముందే రమ్మన్నడు ఓదేలు.
ఎండ పడితే పసులు మోకాళ్లగుట్ట ఎక్కుతయి,
ఇగ మాపటిదాకా దొరకవు.

బండి మీద ఐసు డబ్బా,
సంచిల పసుపు రంగు బిళ్లల దండ,
చెవి కుట్టే పట్కారు,
జేబుల సగం చార్జింగు ఫోను.
నర్సంపేట దాటినంక కొంతదూరానికి
తారురోడ్డు ఆగిపోయింది,
సిగ్నలు అంతకు ముందే.

"ఎన్ని పసులు?" అన్న.
"లెక్కపెడితే దిష్టి.
పేర్లు చెప్త, నువ్వే లెక్కపెట్టుకో."
మైల. సుక్కది. బొల్లి. బొల్లి బిడ్డ.
కొమ్ము ఇరిగింది.
ఇగ ఈ పెయ్య, దీనికింకా పేరు పెట్టలే.
నేను వేళ్లు ముడుస్తున్న.
ఆయన పిలిచినకొద్దీ
ఒక్కొక్కటి తలెత్తుతున్నది.

ఒక్కో చెవికి పన్నెండు అంకెలు.
చటుక్కున ఒక చప్పుడు, ఒక తల విదిలింపు,
అంతే. పదకొండేండ్ల చెయ్యి నాది.
ఓదేలు పెండ్లాం నీలమ్మ
గిన్నెల పసుపు కలుపుకొచ్చి
కుట్టినకాడల్లా అద్దుతున్నది.
"మా సరూప చెవులు కుట్టిస్తే
వాడకట్టంత లేపింది" అనుకుంట
పెయ్య మెడ నిమురుతున్నది.

ముద్దచర్మం జబ్బు వచ్చిననాడు
మా దిక్కు ఈ బిళ్లలు పడలే.
ఏ అంగడి నుంచి, ఏ ఎద్దు వెంట వచ్చిందో
ఎవరిని అడగాలె?
ఒళ్లంత గడ్డలు, కండ్లపొంటి నీళ్లు,
ఊరవతల జేసీబీ తవ్విన గుంత, సున్నం బస్తాలు.
ఆ గుంత ఒడ్డున నిలబడి
కాయితం మీద గీతలు గీసిన,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఏ గీత ఎవరి గొడ్డో
ఇంటికి రాకముందే మర్చిపోయిన.

చివరికి మిగిలింది తెల్లావు,
పరకాల అంగడిల కొని వారమైందట.
దాని చెవికి అప్పటికే బిళ్ల ఉన్నది,
పాతది, అంచు నమిలినట్టున్నది.
అంగి కొసతో తుడిచి
పెంటకుప్ప మీదికెక్కితే ఒక్క గీత సిగ్నలు.
తెర మీద చక్రం తిరిగి తిరిగి
ఒక మనిషి పేరు తేలింది:
కొలిపాక లసుమవ్వ. ఊరు మంథని దిక్కు.
ఈతలు మూడు.
గాలికుంటు టీకా ఏసి ఎనిమిది నెలలు.
ఆ ఊరికి జబ్బు రాలేదని చూసుకొని
అప్పుడు ఊపిరి తీసుకున్న.

ఆవు ఓదేలు పేరు మీదికి రావాలంటే
లసుమవ్వ ఫోనుకు ఆరంకెలు పోతయి,
అవి ఆమె చెప్పాలె.

ఎత్తింది ఒక పిల్లగాడు.
"నాయినమ్మ లేదు. దీపావళి ముంగట పోయింది.
ఫోను నాకిచ్చిండ్రు, గేములు ఆడుకుంట."
ఓదేలు నా మొఖం చూసిండు.
నేను ఆవు దిక్కు చూసిన.
"నంబరేమన్న వచ్చిందా తమ్మీ?"
అడగలేక అడిగిన.
ఎంతసేపటికీ సప్పుడు లేదు. అటెనుక,
"మా సీతాలుదా?"

వారం సంది ఓదేలు దాన్ని
"ఏయ్, కొత్తదానా" అనే పిలుస్తున్నడు.

స్పీకరు పెట్టమన్నడు. పెట్టిన.
"సీతాలూ, దా దా దా..."
ఆవు నెమరేసుడు ఆపింది.
బిళ్ల ఉన్న చెవి మెల్లగ
పెంటకుప్ప దిక్కు మళ్లింది.
నీలమ్మ పసుపు చేతిని చీరకు తుడుసుకోబోయి
తుడుసుకోలే.

పిల్లగాడు ఎక్కం అప్పజెప్పినట్టు
ఒక్కో అంకె చెప్పిండు.
ఏడు. సున్న. రెండు. మల్ల రెండు.
మిగిలినయి గాలికి కొట్టుకుపోతే
ఇంకోసారి చెప్పిండు.
"రాసుకున్నవా? ఇగో, ఇనుండ్రి,
అది ఎడమ దిక్కు కూసుంటే తంతది."

పేరు మారింది.
సీతాలు అని రాద్దామని
తెరంత కిందికి మీదికి జరిపిన,
అక్కడ రంగు అడుగుతున్నది, పండ్లు అడుగుతున్నది.
తెలుపు అని కొట్టిన. ఆరు పండ్లు.

డబ్బాల ఇంకా పదారు సూదులున్నయి,
ఐసు కరుగుతున్నది,
అవతలి వాడకు పోవాలె.
బండి తిప్పుకుంట చూస్తే
నీలమ్మ చెంబు పట్టుకొని
ఆవు తోక చుట్టు తిరిగి
కుడి దిక్కున కూసుంటున్నది.